ఫైన్ ఆర్ట్‌కీ అప్లైడ్ ఆర్ట్‌కీ తేడా ఎక్కడుంది?

అమ్మా, గుంటూరు నుంచి నువ్వు అడిగిన ప్రశ్న ఇది. ఇంటర్ అయిపోయింది, బీఎఫ్‌ఏలో చేరాలనుకుంటున్నావు. దరఖాస్తులో పెయింటింగ్ ఒకటి, అప్లైడ్ ఆర్ట్ ఒకటి కనిపించాయి. డిగ్రీ పేరే 'బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్' అయినప్పుడు అందులో మళ్లీ అప్లైడ్ ఆర్ట్ ఎలా ఉంటుందని నీ అనుమానం. పైగా మీ మామయ్యగారు "అప్లైడ్ అంటే బోర్డులు రాసే పని, ఫైన్ ఆర్ట్ అంటే గొప్ప కళ" అన్నారు. అది నిజమేనా అని అడిగావు.

నాకు అరవై దాటాయి, నువ్వు మా అమ్మాయి కంటే చిన్నదానివి, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. విజయవాడ గవర్నర్‌పేటలో బోర్డులు రాసే దుకాణంలో పని నేర్చుకున్నవాణ్ణి. తర్వాత చదువుకుని డ్రాయింగ్ మాస్టారుగా చాలా ఏళ్లు పనిచేశాను. సాయంత్రాలు నాకోసం బొమ్మలు వేసుకుంటూ వచ్చాను. మీ మామయ్యగారి మాట లాంటిది కుర్రతనంలో నేనూ విన్నాను, అది చాలా కాలం మనసులో గుచ్చుకుంది. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ముందు ఆ 'ఫైన్' అనే మాట సంగతి చూద్దాం. మన దగ్గర ఫైన్ అంటే మేలైనది. బియ్యంలో ఫైన్ రకం అంటే సన్నబియ్యం, రేటు ఎక్కువ. అదే లెక్కన ఫైన్ ఆర్ట్ సన్నరకం కళ, అప్లైడ్ ఆర్ట్ ముతకరకం కళ అనుకుంటారు. ఆ మాటలో ఆ అర్థం లేదు. ఫ్రెంచివాళ్లు 'బోజార్' అన్నదాన్ని ఇంగ్లీషువాళ్లు ఫైన్ ఆర్ట్స్ అన్నారు. బో అంటే అందమైన అని. 1746లో షార్ల్ బత్తో అనే ఫ్రెంచి పండితుడు కళలన్నిటినీ మూడు కుప్పలుగా వేశాడు. మనిషి అవసరాలు తీర్చే చేతివృత్తులు ఒక కుప్ప. ఆనందం ఇవ్వడమే పనిగా ఉన్నవి రెండో కుప్ప: సంగీతం, కవిత్వం, చిత్రలేఖనం, శిల్పం, నాట్యం. అవసరమూ ఆనందమూ కలిసినవి మూడోది, అందులో భవన నిర్మాణాన్నీ వక్తృత్వాన్నీ పెట్టాడు. లలిత కళలు ఐదు అని మనం బళ్లో చదువుకున్న జాబితా చూడు, అచ్చం ఆ రెండో కుప్పే.

అంతకు ముందు యూరప్‌లో కూడా ఈ గీత ఇంత గట్టిగా లేదు. ఫ్లారెన్స్ నగరంలో చిత్రకారులు వైద్యులూ మందుల వర్తకులూ ఉన్న సంఘంలోనే సభ్యులు. రంగులు అమ్మేది ఆ మందుల కొట్లవాళ్లే మరి. మన అరవై నాలుగు కళల పట్టిక తీసినా అంతే. ఆలేఖ్యం అంటే బొమ్మలు వేయడం, అది అందులో ఉంది. పూలదండ కట్టడం, కుట్టుపని, వంట, వడ్రంగం కూడా దాని పక్కనే ఉన్నాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని ఆ పట్టికలో ఎక్కడా లేదు. లలిత అనే మాటా కళ అనే మాటా కాళిదాసు రఘువంశంలోనే పక్కపక్కన కనిపిస్తాయి. కానీ 'లలిత కళలు' అని విడిగా ఒక ఇల్లు కట్టి, దానికి బయట మిగతా పనులను నిలబెట్టడం మాత్రం ఇంగ్లీషు చదువుతో వచ్చిన అలవాటే.

ఇంకో సంగతి గమనించు. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు పెట్టిన ఆర్ట్ స్కూలు మొదట్లో చేతిపనులు బాగుచేయడం మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. బందరులో కోపల్లె హనుమంతరావు గారూ వారి మిత్రులూ నడిపిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చేతిపనులూ ఉండేవి, ప్రమోద్ కుమార్ చటర్జీ గారి చిత్రలేఖనం తరగతీ ఉండేది. అడివి బాపిరాజు గారు అక్కడే ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఒకే ఆవరణలో రెండూ నడిచిన రోజులు మనకు దగ్గర్లోనే ఉన్నాయన్నమాట.

సరే, గీత మనుషులు గీసిందే. మరి తేడా లేదా అంటే, ఉంది. నా అనుభవంలో దాన్ని పట్టుకోవడానికి ఒకటే ప్రశ్న పనికొచ్చింది. చేసిన పని కుదిరిందో లేదో చివరికి తేల్చేది ఎవరు?

పని నేర్చుకునే రోజుల్లో బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక బట్టల కొట్టుకి బోర్డు రాయమని గురువుగారు నన్ను మొదటిసారి ఒక్కణ్ణే పంపారు. 'వస్త్రాలయం' అన్న మాట రాయాలి. నేను అక్షరాలకు మెలికలు తిప్పి, వెనక నీడ వేసి, నీడకు మళ్లీ అంచు కట్టి, రెండు రోజులు కూర్చుని రాశాను. దగ్గర్నుంచి చూస్తే నాకే ముచ్చటేసింది. యజమాని నన్ను రోడ్డు అవతలకు తీసుకెళ్లి నిలబెట్టాడు. దారిన పోయే ఒక ఆవిడను ఆపి, "అమ్మా, ఆ బోర్డు మీద ఏముందో చదవండి" అన్నాడు. ఆమె కళ్లు చికిలించి చూసి, "ఏదో ఆలయం" అంది. అంతే, నా రెండు రోజుల పని అక్కడితో తేలిపోయింది. మళ్లీ బేస్ కోటు వేసి మొదటి నుంచి రాశాను.

తప్పు ఎక్కడ జరిగిందో గురువుగారు చూపించారు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు బోర్డు ఎత్తంతా నింపొచ్చు. తెలుగుకు ఆ వీలు లేదు. పైన తలకట్టూ గుడులూ, కింద ఒత్తులూ. 'స్త్రా'లో స కింద తవొత్తు, దాంతో క్రారవడి. వాటికి కింద చోటు వదలాలంటే మిగతా అక్షరాల ఒళ్లు తగ్గించాలి. ఒళ్లు మరీ తగ్గిస్తే దూరానికి ఆనవు. నేను ఒళ్లు పెద్దది చేసి, ఒత్తుల్ని ఇరికించి, పైన నీడ కూడా పెట్టాను. ఆవిడకు ఆ ఒత్తే కనబడలేదు. ఇప్పటికీ ఏ ఊరు వెళ్లినా బోర్డుల మీద ఒత్తులు ఎలా కుదిర్చారో చూడకుండా ఉండలేను. కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ తయారుచేసేవాళ్లకీ ఇదే సమస్య. బాపు గారి చేతిరాత ఫాంట్‌గా వచ్చి పెళ్లికార్డుల మీద ఇంత హాయిగా కూర్చుందంటే, ఆయన చేతికి ఆ చోటు లెక్క సహజంగా తెలుసు కాబట్టి.

అప్లైడ్ ఆర్ట్ అంటే ఇదమ్మా. కళను ఒక పనికి అన్వయించడం. పోస్టరు చదవగలగాలి, సబ్బు పెట్టె అరలో పది పెట్టెల మధ్య కనబడాలి, పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి పిల్లవాడికి గుండె ఎలా కొట్టుకుంటుందో అర్థం కావాలి. పని కుదిరిందా లేదా అన్నది రోడ్డు అవతల నిలబడ్డ ఆ ఆవిడ తేలుస్తుంది. నీకు ఎంత నచ్చినా ఆమె చదవలేకపోతే అది ఓడిపోయినట్టే. ఇది చిన్న విషయం కాదు. కళకు ఇంత కచ్చితమైన పరీక్ష ఇంకెక్కడా లేదు.

ఇప్పుడు రెండో వైపు. సీతానగరం ఒడ్డు నుంచి ప్రకాశం బ్యారేజీ బొమ్మ వేయాలని ఒక ఏడాది పట్టుబట్టాను. సాయంత్రం, నీళ్ల మీద వెలుతురు ఇంకా ఉండగా, అవతల ఇంద్రకీలాద్రి నల్లబడుతుండగా. బ్యారేజీకి 70 గేట్లు. మొదటి బొమ్మలో కనబడినంత మేరా స్తంభాలు లెక్కపెట్టి, స్కేలు పెట్టి వేశాను. ఒక్కటీ తప్పు లేదు, కానీ బొమ్మలో ప్రాణం లేదు. ఇంజినీరు గీసే ప్లాను అయితే ఒక గేటు తగ్గితే తప్పే. నా బొమ్మకు ఆ లెక్క అక్కర్లేదు, దానికి కావలసింది వేరే. కట్టకు ఇటు ఆగిన నీటి బరువు కావాలి, ఆ బరువుకు అడ్డం నిలబడ్డ గీత కావాలి. అది ఎన్ని స్తంభాలతో వస్తుందో ఎవరూ చెప్పలేరు. అయిదో బొమ్మలో స్తంభాలు పన్నెండో పదమూడో వచ్చాయి, అక్కడ ఏదో కుదిరింది. ఆరోది దానికంటే బాగా వస్తోందని రంగు మీద రంగు వేసి పాడుచేశాను. ఆపమని చెప్పడానికి యజమాని లేడు, చదివి చూపడానికి దారిన పోయే ఆవిడ లేదు.

ఫైన్ ఆర్ట్ నా దృష్టిలో ఇదే. బొమ్మ బయట ఉన్న ఏ అవసరానికీ జవాబు చెప్పదు, తనకు తనే జవాబు చెప్పుకోవాలి. దాన్ని స్వేచ్ఛ అంటారు, నిజమే. ఆ స్వేచ్ఛ మోయడం ఎంత కష్టమో మాత్రం తక్కువమంది చెబుతారు. బోర్డు రాసేటప్పుడు నాకు టెన్షన్ ఉండేది గానీ సందేహం ఉండేది కాదు. ఖాళీ కాన్వాసు ముందు మొత్తం సందేహమే. చాలామంది పిల్లలు పెయింటింగ్‌లో చేరి రెండో ఏడాదికే దిగులుపడటం చూశాను. వాళ్ల చేతిలో పనితనం తక్కువై కాదు, ఏం వేయాలో చెప్పేవాళ్లు లేకపోవడమే వాళ్లు తట్టుకోలేకపోయింది.

ఫైన్ ఆర్ట్‌కి ప్రయోజనం లేదు అని కొందరు రాస్తారు. ఆ మాట నాకు నచ్చదు. నా అయిదో బొమ్మ ఇంట్లో గోడ మీద ఉంది. అది చూసిన మా పక్కింటాయన మర్నాడు స్కూటరు ఆపి బ్యారేజీ దగ్గర పావుగంట నిలబడ్డానని చెప్పాడు. ముప్పై ఏళ్లుగా రోజూ అదే దారిన వెళ్తున్న మనిషి. దీన్ని ప్రయోజనం కాదని నేను అనలేను. ముందుగా ఫలానా ప్రయోజనం కోసం అని ఒప్పుకుని వేసింది కాదు, అంతే.

ఇక్కడ నీకు ఒక చిక్కు వస్తుంది. ఒకే వస్తువు ఒకప్పుడు అటు, ఇంకొకప్పుడు ఇటు ఉండొచ్చు కదా? ఉండొచ్చు. మన అమరావతి శిల్పాలే చూడు. స్తూపం చుట్టూ కట్టిన పలకలవి, పల్నాటి సున్నపురాయి. భక్తులు ప్రదక్షిణం చేస్తూ బుద్ధుడి కథలు చూసుకుంటూ పోవడానికి చెక్కారు. అవి స్తూపానికి కవచం, భక్తులకు పాఠం, దాతలకు పుణ్యం. 1797లో ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి మెకంజీ వచ్చి చూసిన తర్వాత ఆ రాళ్లు ఒక్కొక్కటీ తరలిపోయి కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ ప్రదక్షిణం లేదు, స్తూపం లేదు. జనం నిలబడి చెక్కడం ఎంత గొప్పగా ఉందో చూస్తారు. పని పోయింది, చూపు మిగిలింది. చెన్నైలో నలగిరి ఏనుగు పలక ఉంది, వీలైతే తప్పకుండా చూడు. ఒకే గుండ్రటి రాతిలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒక పక్క వీధిలో మనుషుల్ని తొక్కుతూ, ఇంకో పక్క బుద్ధుడి పాదాల దగ్గర వంగి. మధ్యలో ఏ గీతా లేదు, అయినా కథ ఎటు నడుస్తుందో కంటికి తెలిసిపోతుంది. యాత్రికుడికి కథ చెప్పాలన్న అవసరం ఆ శిల్పిని ఏమీ తగ్గించలేదు. ఆ అవసరమే అతని చేత అంతటి కూర్పు చేయించింది. మీ మామయ్యగారికి ఈ ఒక్క పలక చాలు.

వడ్డాది పాపయ్య గారి సంగతీ అంతే. చందమామ అట్ట మీద బొమ్మ అంటే పత్రిక అమ్ముడుపోవడానికి, పిల్లలు చేయి చాచడానికి. నెల తిరిగితే అది పాత సంచిక. కానీ ఆ అట్టలు చింపి ఫ్రేములు కట్టించుకున్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో. అవసరం తీరాక కూడా బొమ్మ నిలబడింది.

కోర్టు దాకా వెళ్లిన కథ ఒకటి చెబుతాను. 1926లో బ్రాంకూసీ అనే శిల్పి చేసిన కంచు శిల్పం, పేరు 'ఆకాశంలో పక్షి', పారిస్ నుంచి న్యూయార్క్ రేవుకు వచ్చింది. నున్నగా, పొడవుగా, పైకి లేచే ఒక రూపం. రెక్కలూ ముక్కూ ఏమీ ఉండవు. కళాఖండానికి అమెరికాలో సుంకం లేదు. కస్టమ్స్ వాళ్లు చూసి ఇది కళ కాదని, వంటసామాన్లు, ఆసుపత్రి సామాన్ల పద్దులో రాసి 40 శాతం సుంకం వేశారు. కేసు నడిచింది. దీనితో ఏదైనా పని జరుగుతుందా, చేసినవాడు శిల్పేనా అన్నవి విచారణలోకి వచ్చాయి. 1928లో కోర్టు అది కళే అని తీర్పిచ్చింది. ఆ గుమస్తాను నేను తప్పుపట్టను. వస్తువును చూసి మాత్రమే తేల్చాలంటే ఎవరికైనా కష్టమే. అందుకే వస్తువును పట్టుకుని ఇది ఫైన్, ఇది అప్లైడ్ అనకుండా, అది ఎవరికి జవాబు చెప్పాల్సి వచ్చిందో చూడమంటున్నాను.

డబ్బు తీసుకుంటే అప్లైడ్, తీసుకోకపోతే ఫైన్ అనే మాట కూడా వింటావు. పట్టించుకోకు. మైకెలాంజిలో పోపు దగ్గర డబ్బు తీసుకునే సిస్టీన్ చాపెల్ పైకప్పు వేశాడు.

కొండపల్లి బొమ్మలు ఎందులోకి వస్తాయని అడుగుతావేమో. అది చేతివృత్తి, అప్లైడ్ ఆర్ట్‌కి దగ్గర చుట్టం గానీ అదే కాదు. తెల్ల పొణికి కర్ర తేలికగా, మెత్తగా ఉంటుంది. దాన్ని ఆరబెట్టి, కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులు వేస్తారు. ఏ బొమ్మ ఎలా ఉండాలో తరతరాలుగా తెలుసు. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, అంబారీ ఏనుగు, దశావతారాలు. ఇక్కడ పని కుదిరిందో లేదో తేల్చేది ఆ సంప్రదాయమూ, సంక్రాంతి కొలువులో దాన్ని నిలబెట్టే ఇల్లాలూ. కాలేజీలో చెప్పే అప్లైడ్ ఆర్ట్ ఇంకో రకం. ఎవరో ఒక సమస్య తెస్తారు, గడువు పెడతారు, నువ్వు కొత్త జవాబు కనిపెట్టాలి. అది అచ్చయి వేల కాపీలు అవుతుంది. పాతకాలంలో దీన్నే కమర్షియల్ ఆర్ట్ అనేవారు.

నువ్వు చేరేముందు తెలియాల్సింది ఇంకొకటుంది. అప్లైడ్ ఆర్ట్ తనకు అప్పగించిన పనితో పాటే నడుస్తుంది. ఆ పని ఇంకోచోటికి పోతే చేతులు ఖాళీ అవుతాయి. గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు గళ్లు గీసి చేత్తో వేసే రోజులు నేను చూశాను. ఇరవై అడుగుల ముఖంలో కన్ను ఎక్కడ పెట్టాలో నిచ్చెన మీద నిలబడి తెలుసుకునే మనుషులు వాళ్లు. ఫ్లెక్స్ వచ్చి కొద్ది ఏళ్లలోనే ఆ పని మొత్తం పోయింది. ఇది నాకు ఇప్పటికీ బాధే. ఇలాంటిదే చిత్రలేఖనానికీ జరిగింది. 1839లో ఫొటో వచ్చాక, మనిషి పోలిక పట్టి దాచే పని నెమ్మదిగా కెమెరాకి పోయింది. చిత్రకారులు పోలిక వదిలి వెలుతురు వెంట, రంగు వెంట వెళ్లారు. పని చేజారిన చోటే బొమ్మ ఇంకో దారి వెతుక్కుంది. నువ్వు అప్లైడ్ తీసుకుంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే నమ్ముకోకు, అది మారిపోతూనే ఉంటుంది. డ్రాయింగ్, అక్షరం, కూర్పు గట్టిగా నేర్చుకో.

ఇక డిగ్రీ పేరు సంగతి. అక్కడ ఫైన్ ఆర్ట్స్ అన్నది ఇంటిపేరు లాంటిది. డ్రాయింగ్, రంగు, కూర్పు అనే పునాది అందరికీ ఒకటే కాబట్టి పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ అన్నిటినీ ఒకే కప్పు కింద పెట్టారు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలోనూ ఇలాగే ఉంటుంది. నాలుగేళ్ల చదువు. చాలా కాలేజీల్లో మొదటి ఏడాది ఉమ్మడిగానే నడుస్తుంది. నువ్వు చేరబోయే చోట ఏడాది తర్వాత శాఖ మారే వీలుందా అని ఆఫీసులో ముందే అడుగు, నోటిమాటగా కాకుండా రాసి ఉన్నది చూపించమను.

దరఖాస్తుకు ఇంకా టైముంది కాబట్టి ఈ నెలలో రెండు పనులు చేసి చూడు. మీ వీధి చివర టిఫిన్ బండి ఉంటే, ఆయనకు ధరల బోర్డు రాసిస్తానని అడుగు. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా, ధరలు, అంతే. రాసి పెట్టి, దూరంగా నిలబడి గంటసేపు చూడు. జనం చదువుతున్నారా, లేక బోర్డు ఉండగానే ఎంత అని అడుగుతున్నారా? అడుగుతుంటే మార్చి రాయి. అడగడం ఆగేదాకా రాయి. రెండోది, ఇంట్లో ఆవకాయ జాడీ ఒకటి కిటికీ పక్కన పెట్టుకుని, ఎవరికీ చూపించకుండా వరుసగా పదిహేను రోజులు రోజుకో బొమ్మ వెయ్యి. పెన్సిలైనా సరే, వాటర్ కలరైనా సరే. ఏ రోజుది కుదిరిందో నువ్వే తేల్చుకోవాలి, ఎందుకో పక్కన రెండు వాక్యాలు రాసిపెట్టు.

రెండూ అయ్యాక, ఏ పని చేస్తున్నప్పుడు అన్నం వేళ గుర్తురాలేదో నాకు రాయి. బోర్డు ఫొటోలు రెండూ పంపు, మొదట రాసినదీ మార్చి రాసినదీ. పెసరట్టులో టవొత్తుకు చోటు ఎలా ఇచ్చావో చూడాలని ఉంది.